గద్దె దిగిన బిడ్డ

"అన్నప్రాశననాడే ఆవకాయా?" అని తొందరపాటు మనుషులను ఎగతాళి చేయడం తెలుగువారికి అలవాటు. వైద్యశాస్త్రం దృష్టిలో కూడ ఈ సామెత సబబైనదే. అయితే దీనికి ఎదురుగా మరొక పొరపాటు ఉన్నది. దానికి మనలో సామెత పుట్టలేదు. వెండిగిన్నెలో పాయసం వండి, బిడ్డ నోటికి రవంత తాకించి, ముందు పుస్తకం, కలం, కత్తి, బంగారం పరచి ఏది పట్టుకుంటుందో చూసి ఆనందిస్తాము. ముచ్చట తీరగానే గిన్నె అటక ఎక్కుతుంది. బిడ్డ మరల మూడు నాలుగు నెలలు తల్లిపాల మీదనే, మహా అయితే పప్పుకట్టు మీదనే గడుపుతాడు. పండుగ జరిగిందే కాని తిండి మొదలు కాలేదన్నమాట. 2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో ఆరు నుండి ఎనిమిది నెలల వయసులో తల్లిపాలతోపాటు గట్టి ఆహారం కూడ అందుతున్న బిడ్డలు సగంకంటె తక్కువ.

ఆరవ నెల అన్నది కొత్త మాట కాదు. బిడ్డకు ఆరవ నెలలో తేలికైన, హితమైన అన్నం పెట్టవలెనని సుశ్రుతుడు చెప్పాడు. క్రీ. శ. రెండవ శతాబ్దంలో రోము నగరంలో వైద్యం చేసిన సోరేనస్ అనే గ్రీకు వైద్యుడు, నలభై రోజులకే బిడ్డ నోట ధాన్యపు ముద్ద పెట్టే స్త్రీలను మందలించి, ఆరు నెలల వరకు ఆగమన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎన్నో పరిశోధనలను బేరీజు వేసి 2001లో చెప్పినదీ ఇదే: ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే, ఆ పిమ్మట తల్లిపాలతోపాటు ఇతర ఆహారం. దీనికి కారణాలు తెలిసినవే. బిడ్డ పుట్టేటప్పుడు వెంట తెచ్చుకున్న ఇనుము ఆ వయసుకు అడుగంటుతుంది. తల్లిపాలలో ఉండే ఇనుము కొద్ది. పెరిగే శరీరానికి కావలసిన శక్తిని కూడ ఆ పాలు ఒక్కటే ఇవ్వలేని దశ వస్తుంది. ఇందువలన మన పూర్వులకు సర్వం తెలుసునని చంకలు కొట్టుకోనక్కర లేదు. ఎప్పుడు పెట్టాలో వారికి తెలిసింది. ఏమి పెట్టాలి, ఎంత పెట్టాలి అన్న సంగతి తేలడానికి ఇరవయ్యవ శతాబ్దం వరకు ఆగవలసి వచ్చింది. ఆ కథ ఆఫ్రికా పడమటి తీరాన మొదలై చాలాదూరం తిరిగి మన హైదరాబాదు పక్క పల్లెలకు వచ్చింది.

సిసిలీ విలియమ్స్ 1893లో జమైకాలో పుట్టారు. ఆక్స్‌ఫర్డులో వైద్యం చదివి, 1929లో బ్రిటిషు వలస ప్రభుత్వపు వైద్యశాఖలో చేరి గోల్డ్ కోస్టు వెళ్లారు. నేడు ఘనా అని పిలిచే దేశమే అది. అక్రా పట్టణంలోని పిల్లల ఆసుపత్రిలో ఆమెకు ఒక వింత జబ్బు పదేపదే కనిపించింది. రోగులు ఒకటి నుండి నాలుగేండ్ల లోపు పిల్లలు. కాళ్లు, చేతులు నీరు పట్టి ఉబ్బుతాయి. నల్లని జుట్టు ఎర్రబారి పలచబడుతుంది. చర్మం మచ్చలు కట్టి, పొరలుగా ఊడుతుంది. పిల్లవాడు ఎవరు పలకరించినా విసుక్కుంటాడు, ముద్ద పెట్టబోతే మొగం తిప్పుకుంటాడు. నీరు పట్టడంచేత చూపరులకు బొద్దుగా ఉన్నాడనిపిస్తాడు కూడ. చికిత్స లేకపోతే కొద్ది వారాలలో చనిపోతాడు. చనిపోయిన పిల్లలను పరీక్షిస్తే కాలేయమంతా కొవ్వు పేరుకొని ఉండేది.

విలియమ్స్ చేసిన మంచి పని, తల్లులను అడగడం. అక్కడి గా భాషలో ఈ జబ్బుకు పేరు అప్పటికే ఉన్నది: క్వాషియోర్కర్. తరువాతి బిడ్డ పుట్టినప్పుడు గద్దె దిగిన బిడ్డకు వచ్చే జబ్బు అని దాని అర్థం. రోగ నిదానమంతా ఆ ఒక్క మాటలోనే ఉన్నది! తల్లి మరల నీళ్లోసుకుంటుంది. ఒడిలో ఉన్న బిడ్డకు పాలు మాన్పిస్తారు. ఆ పిమ్మట వాడికి దొరికేది మొక్కజొన్న పిండితో కాచిన పలచని జావ మాత్రమే. మన పల్లెలలో ఈ జబ్బుకు ఏ పేరు పెట్టినా, ఇటువంటి బిడ్డలను ఎరుగని అమ్మమ్మలు ఒకప్పుడు ఉండేవారు కారు.

1933లో పిల్లల వైద్య పత్రిక ఒకదానిలోను, 1935లో లాన్సెట్ పత్రికలోను ఆమె ఈ సంగతి ప్రకటించారు. రెండవ వ్యాసంలో గా ప్రజల పేరునే జబ్బుకు పెట్టారు. వెంటనే పెద్దల నుండి ఆక్షేపణ వచ్చింది. ఇది కొత్త జబ్బు కాదు, మొక్కజొన్న తినేవారికి వచ్చే పెల్లాగ్రాయే అన్నారు. పెల్లాగ్రాలో చర్మం ఎండ తగిలేచోట పాడవుతుందని, ఈ పిల్లలకు ఒత్తిడి, తడి తగిలేచోట పాడవుతున్నదని విలియమ్స్ జవాబిచ్చారు. పాలు పట్టించి కొందరు బిడ్డలను ఆమె బతికించారు. కారణం గురించి మాత్రం ఆమె ఎంతో ఒద్దికగా వ్రాశారు. ఏదో మాంసకృత్తు, అనగా ప్రోటీను, లోపించడం కారణం కావచ్చును, ఆ అవకాశాన్ని తోసివేయలేము అన్నంతవరకే ఆమె మాట. ఈ ఒద్దిక తరువాతివారికి అబ్బలేదు.

1936లో ఆమెను మలయాకు పంపారు. 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో ఆమె ఇచ్చిన ఉపన్యాసం పేరు "పాలు, హత్య". తల్లిపాలు మాన్పించి తియ్యని డబ్బాపాలు అమ్మడంవల్ల పసిబిడ్డలు చనిపోతున్నారని, దానిని హత్యగానే ఎంచాలని వర్తకప్రముఖుల ముందే చెప్పారు. యుద్ధకాలంలో జపాను సేనల నిర్బంధంలో ఉండి బయటపడ్డారు. 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో మాతాశిశు విభాగానికి తొలి అధిపతి అయ్యారు.

యుద్ధం ముగిశాక క్వాషియోర్కర్ పేరు లోకమంతా మారుమోగింది. బ్రాక్, ఓత్రే అనే ఇద్దరు నిపుణులు ఆఫ్రికా అంతా తిరిగి 1952లో నివేదిక ప్రచురించారు. లోపం ప్రోటీనుదే అని దాదాపు అందరూ తీర్మానించుకున్నారు. తర్కం సులభం: మొక్కజొన్నలో లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు తక్కువ, పాలలో సమృద్ధి, పాలు తాగితే బిడ్డ కోలుకుంటున్నాడు. 1955లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రోటీను సలహా సంఘాన్ని నెలకొల్పింది. గ్వాటిమాలాలో మొక్కజొన్న, పత్తిగింజల పిండి కలిపి ఇంకపరీన అనే మిశ్రమం తయారయింది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ వేరుశనగ పిండి, శనగపిండి కలిపి మరొకటి చేసింది. చేపలపొడి, ఆకులనుండి తీసిన ప్రోటీను, చివరకు పెట్రోలియం మీద పెంచిన సూక్ష్మజీవుల ప్రోటీను కూడ రంగానికి వచ్చాయి. 1968లో ఐక్యరాజ్యసమితి రానున్న "ప్రోటీను సంక్షోభం" గురించి లోకాన్ని హెచ్చరించింది. ఇంత హడావిడిలో, అసలు ఆ బిడ్డ రోజుకు ఎంత తింటున్నాడు అని కొలిచినవారు కొద్దిమంది.

ఆ కొద్దిమందిలో డాక్టర్ సి. గోపాలన్ ఒకరు. కూనూరులో 1918లో మెకారిసన్ బెరిబెరి పరిశోధనకు ప్రారంభించిన చిన్న శాఖ పోషకాహార పరిశోధనాలయంగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుండి దానినే జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాము. కూనూరులో ఉన్నప్పుడే గోపాలన్, రామలింగస్వామి దక్షిణదేశపు క్వాషియోర్కర్ రోగులను పరిశీలించి 1955లో వ్యాసం ప్రకటించారు. హైదరాబాదు వచ్చాక గోపాలన్ బృందం పల్లె పిల్లల తిండిని ఇంటింటా కొలిచింది. తేలినది అందరి నమ్మకానికి విరుద్ధం. ఒళ్లు ఉబ్బిన క్వాషియోర్కర్ బిడ్డ, ఎముకల గూడైన మరాస్మస్ బిడ్డ — ఇద్దరి తిండిలోను గుణంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్నం, కాసింత పప్పు ఉన్న మన తిండిని బిడ్డ కడుపునిండా తింటే ప్రోటీను చాలవరకు సరిపోతుంది. కడుపునిండా తినకపోవడమే చిక్కు.

శక్తి చాలనప్పుడు శరీరం ప్రోటీనునే ఇంధనంగా తగలబెడుతుంది. వంటచెరకు లేని ఇల్లాలు ద్వారబంధాలు ఊడదీసి పొయ్యిలో పెట్టినట్లన్నమాట. అటువంటి ఇంటికి ఇంకొక నాలుగు ద్వారబంధాలు పంపడంకంటె మోపెడు కట్టెలు పంపడం మేలు కదా.

దీనిని గోపాలన్ బృందం పరీక్షించి చూసింది. హైదరాబాదు దగ్గరి పల్లెలలో ఒకటి నుండి ఐదేండ్ల పిల్లలకు గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన తీపి రొట్టెను రోజూ పెట్టారు. అందులో శక్తి సుమారు 310 కేలరీలు, ప్రోటీను 3 గ్రాములు మాత్రమే. పద్నాలుగు నెలలు గడిచాక చూస్తే, రొట్టె తిన్న పిల్లలు తినని పిల్లలకంటె ఎత్తులోను బరువులోను ముందున్నారు. 1973లో ఈ ఫలితం అచ్చయింది. మరుసటి ఏడు మెక్లారెన్ లాన్సెట్‌లో వ్రాసిన ప్రసిద్ధ వ్యాసం, ప్రోటీను వెంట పరుగు తీసిన ఆ ఇరవై ఏండ్లను ఒక మహాభంగపాటుగా వర్ణించింది. ఆ ఏండ్లలో వెచ్చించిన డబ్బు తిరిగి సంపాదించవచ్చును. పలచని జావతో పెరగక ఆగిపోయిన పిల్లల మాట వేరు.

ఇంతమాత్రంచేత ప్రోటీను అక్కరలేదని విద్యార్థులు అనుకోరాదు. ఒంటికి నీరు ఎందుకు పడుతుందన్న ప్రశ్న పూర్తిగా తీరలేదు. పేగులలోని సూక్ష్మజీవులకు కూడ ఇందులో పాత్ర ఉండవచ్చునని మలావీ కవలలపై 2013లో వెలువడిన పరిశోధన సూచించింది. ఇనుము, జింకు వంటివి చాలక జరిగే నష్టం వేరే ఉన్నది. అందుకే గుడ్డు, చేప, మాంసం వంటివి పసివయసునుండే తినిపించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో కూడ చెప్పింది.

ఇక జావ సంగతి. మా కళాశాలలో ఈ లెక్క వేయించినప్పుడు విద్యార్థులు మొదట నమ్మరు. వంద మిల్లీలీటర్ల తల్లిపాలలో 65, 70 కేలరీలు ఉంటాయి. వంద మిల్లీలీటర్ల నీటిలో 5 గ్రాముల పిండి వేసి కాచిన జావలో 18 మించవు! ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది సుమారు 200 మిల్లీలీటర్లు. ఆరు నుండి ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలుగాక పైఆహారంనుండి రోజుకు 200 కేలరీలు కావాలి. అంటే వాడు లీటరు పైచిలుకు జావ తాగాలి. అంత తాగితే తల్లిపాలకు పొట్టలో చోటుండదు. పాలకంటె నాలుగోవంతు బలంలేని పదార్థం పాలను తోసివేస్తుంది. పప్పుకట్టు కథా ఇంతే. తల్లి పప్పు పెట్టాననుకుంటుంది. పప్పు గిన్నె అడుగున ఉండిపోయింది.

చిక్కగా చేస్తే సరిపోదా అని అడగవచ్చును. ఇరవై గ్రాముల పిండి వేస్తే శక్తి తల్లిపాలకు సమానమవుతుంది. కాని పిండికణాలు వేడినీటిలో నీరు పీల్చి ఉబ్బి, గంటె నిలబడేటంత గట్టి ముద్ద అవుతాయి. పళ్లు రాని బిడ్డ దానిని మింగలేడు. తల్లి నీరు పోసి పలచన చేస్తుంది. ఆమె తప్పేమీ లేదు. స్టార్చి స్వభావమే అంత. మెత్తగా నలిపిన పప్పన్నంలో ఒక చెంచా నెయ్యి వేస్తే సుమారు 45 కేలరీలు కలవడమే కాక ముద్ద మెత్తబడుతుంది. మన ఇండ్లలో ముద్దపప్పు, నెయ్యి కలిపి పెట్టే ఆచారం ఉన్నచోట సగం సమస్య తీరినట్లే. చిక్కిపోయిన బిడ్డలకోసం హైదరాబాదు సంస్థ రూపొందించిన హైదరాబాద్ మిక్స్ కూడ కొత్త పదార్థమేమీ కాదు. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగ 10, వేయించి పొడికొట్టి, 20 గ్రాముల బెల్లం కలపడమే. అందులో సుమారు 330 కేలరీలు, 11 గ్రాముల ప్రోటీను ఉంటాయి.

రెండవ ఉపాయం మొలకల పిండి. గింజ మొలకెత్తేటప్పుడు తనలోని స్టార్చిని కరిగించుకొనడానికి అమైలేజ్ అనే ఎంజైమును తయారు చేసుకుంటుంది. 1980 ప్రాంతాలలో టాంజానియాలోను, మన బరోడాలోను పరిశోధకులు దీనిని బిడ్డల జావలో ప్రయోగించారు. ఉపాధ్యాయులు తరగతిలో సులభంగా చేసి చూపవచ్చును. రాగులను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి మొలకెత్తనిచ్చి, నీడన ఆరబెట్టి, పైమొలకలు నలిపి ఊదివేసి విసరాలి. జొన్నలతో వద్దు, జొన్నమొలకలో విషగుణం ఉన్న పదార్థం ఉంటుంది. బియ్యప్పిండిని గంటె నిలబడేంత గట్టిగా ఉడికించి రెండు గ్లాసులలో పోయండి. వేలు పెడితే ఓర్చుకోగలిగినంత వేడికి దిగాక, ఒకదానిలో చెంచాడు మొలకల పిండి, రెండవదానిలో చెంచాడు మామూలు రాగిపిండి వేసి కలపండి. పది నిమిషాలయ్యాక రెండింటినీ వంచితే ఒకటి కదలదు, రెండవది పాలవలె జారుతుంది. చుక్క అయోడిన్ వేస్తే నీలిరంగులో వచ్చే తేడా కూడ కనిపిస్తుంది. అయోడిన్ వేసినది పారబోయాలి. ఇంటివద్ద బిడ్డకు పెట్టదలచినవారు మాత్రం మొలకల పిండి కలిపి పలచబడ్డాక జావను మరల ఒక పొంగు రానిచ్చి దింపాలి, ఎందుకంటే ఆ పిండి పచ్చిది.