బాల్య స్థూలకాయం: రోజువారీ అలవాట్లు (విడవలూరు తీరప్రాంతం)

ఆరోగ్యానికి ముప్పు తెచ్చేంతగా పిల్లల ఒంట్లో కొవ్వు చేరడమే బాల్య స్థూలకాయం. పెద్దలకు వాడే బీఎంఐ (ఎత్తుతో బరువును పోల్చే సూచిక) హద్దులు పిల్లలకు పనికిరావు. వయసు, ఆడా మగా చూసుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికతో సరిపోల్చాలి. పదేళ్ల అబ్బాయి 140 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోల బరువు ఉంటే బీఎంఐ దాదాపు 23. పెద్దవాళ్లలో ఎవరూ అంతగా పట్టించుకోని ఆ అంకె, పదేళ్లకు స్థూలకాయపు హద్దును (సుమారు 21.4) దాటేసినట్టు. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం ‘పిల్లోడు బొద్దుగా భలే ఉన్నాడే’ అని బుగ్గ గిల్లిపోతారు.

నెల్లూరు జిల్లా పెన్నా డెల్టాలోని విడవలూరు మండలం వరిపొలాలు, రొయ్యల గుంటలు, సముద్రతీరం కలిసిన ప్రాంతం. ఇలాంటి చోట ఊబకాయం మాట ఎత్తితే అది పట్నం జబ్బు కదా అంటారు. దేశం మొత్తంమీద ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువు 2015-16లో 2.1 శాతం, 2019-21లో 3.4 శాతం. అప్పట్లో అదే వయసులో మూడో వంతుకు పైగా పిల్లలు ఎత్తు పెరగక గిడసబారి ఉన్నారు. ఒకే వీధిలో రెండూ కనబడవచ్చు.

నేరం అన్నం మీదికి తోసెయ్యడం తేలిక. మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ జిల్లాలో అది న్యాయం కాదు. చేపల పులుసుతో తిన్న మధ్యాహ్నపు అన్నం కన్నా, బడి వదిలాక పడుకునే దాకా జరిగేదే ఎక్కువ చూడాలి. ఆటోలో ఇంటికి రావడం, చేతికి ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, తర్వాత ట్యూషన్, ఆపైన ఫోన్. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో దాదాపు 30 గ్రాముల పంచదార ఉంటుంది, అంటే ఆరేడు చెంచాలు. ఫోన్ చూస్తూ తినే పిల్లలకు కడుపు నిండిన సంగతి తెలియదు. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోను పెరుగుతుంది, చాలనిపించే లెప్టిన్ హార్మోను తగ్గుతుంది.

తెలుగునాట ఈ అలవాట్లకూ బరువుకూ ఉన్న లెక్క తీసినవారిలో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ముఖ్యులు. నగరంలోని 12-17 ఏళ్లవారిపై వారు 2007లో ప్రచురించిన అధ్యయనంలో మొత్తంమీద 7.2 శాతం మందికి అధిక బరువు ఉంది. రోజుకు మూడు గంటలు, అంతకు మించి టీవీ చూసేవారిలో అది 10.4 శాతం, వారానికి ఆరు గంటలు, ఆపైన బయట ఆడేవారిలో 3.1 శాతమే. ఇంటిపని ఎక్కువగా చేసేవారిలోనూ తక్కువే కనబడింది. ఈ చివరి సంగతిని ఎవరూ పెద్దగా చెప్పుకోరు. బిందెతో నీళ్లు తేవడం, వాకిలి ఊడవడం వ్యాయామం కిందికి వస్తాయని మనకు తోచదు.

‘థైరాయిడ్ ఏమో’ అన్న అనుమానం తరచూ వినిపిస్తుంది. హార్మోన్ల లోపంతో లావయ్యే పిల్లలు తక్కువ. వాళ్లు సాధారణంగా ఎత్తు కూడా పెరగరు. తిండి ఎక్కువై లావెక్కినవాళ్లు తోటివారికన్నా కాస్త పొడుగ్గానే ఉంటారు. వంశపారంపర్యం పాత్ర కూడా లేకపోలేదు. కాలేయంలో కొవ్వు, రక్తపోటు, రెండో రకం మధుమేహం, మెడ వెనక నల్లటి మందపాటి చర్మం స్థూలకాయం వెంట రాగల సమస్యలు.

5-17 ఏళ్లవారికి రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. నడుము చుట్టుకొలత ఎత్తులో సగాన్ని దాటితే వైద్యుడికి చూపించాలి. ఎదిగే వయసు కాబట్టి చాలామందికి బరువు తగ్గించనవసరం లేదు, పెరగకుండా ఆపితే ఎత్తు దానంతటదే అందుకుంటుంది. అన్నం మాన్పించి పస్తులుంచడం ఇందులో భాగం కాదు.