ముసలి గౌరి నుంచి గడియారస్తంభం దాకా

వీధిలో పరుగెత్తే పసివాడి కాళ్ల మీదికి కెమెరా దిగుతుంది. నాలుగడుగులు పడేసరికి ఆ కాళ్లకు బూట్లు, పొడుగు ప్యాంటు వచ్చేస్తాయి. కెమెరా పైకి లేస్తే హీరో! పదిహేనేళ్లు ఎటు పోయాయని హాల్లో ఎవరూ అడగరు. తెలుగు ప్రేక్షకుడు ఆ ఒప్పందానికి ఎప్పుడో తలూపేశాడు.

ఒకప్పుడు ఆ నాలుగడుగుల వెనక ల్యాబ్‌లో చాలా పని ఉండేది. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తిరుగుతుంది. ఒక దృశ్యం కరిగిపోతూ రెండోది తేలాలంటే, రెండు సెకన్ల డిజాల్వ్‌కు 48 ఫ్రేముల మీద రెండు బొమ్మలూ కలిసి ముద్రపడాలి. అంత శ్రమ ఉంది కాబట్టి దాన్ని ఊరికే వాడేవారు కాదు. డిజాల్వ్ పడిందంటే రోజులో ఏళ్లో గడిచాయని లెక్క. ఇవాళ ఫిల్మ్‌నగర్ ఎడిటింగ్ గదుల్లో అది కంప్యూటర్ మీద క్షణంలో అయిపోతుంది. సులువైన కొద్దీ ఆ గుర్తుకు బరువు తగ్గింది.

నిజానికి గడిచిన కాలాన్ని చెప్పడానికి మన సినిమాకు ల్యాబ్ కన్నా పెద్ద ఆసరా ఒకటుంది. అన్నీ చూసి, ఇంకా బతికున్న మనిషి.

1964లో వచ్చిన 'మూగమనసులు'నే తీసుకుందాం. గోదావరిలో పడవ మీద వెళ్తున్న కొత్త దంపతులను పూర్వజన్మ జ్ఞాపకాలు కమ్ముకుంటాయి. ఆ కథ ఏమిటో వాళ్లకు పూర్తిగా తెలియదు, ముసలి గౌరికి తెలుసు. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు కాలాన్ని వెనక్కి తిప్పే బాధ్యతను ఆమె నోటికి అప్పగించారు. అప్పటికి ముప్పై కూడా నిండని జమున తలకు తెల్లజుట్టుతో ఆ బరువు మోశారు. రెండు జన్మల్లోనూ నాయకుడు అక్కినేని నాగేశ్వరరావే. నాయికా నాయకులు చనిపోయి మళ్లీ పుడితే, గౌరి మాత్రం ఆ మధ్య ఏళ్లన్నీ ఒంటరిగా బతికింది. ఆ సినిమాలో కాలం నిజంగా గడిచింది ఆమె ఒక్కదానికే.

   

1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369'లో ఏకంగా కాలయంత్రాన్నే తెర మీదికి తెచ్చారు. ఒక మలుపు 1526లోని కృష్ణదేవరాయల కొలువుకి, ఇంకో మలుపు 2504కి. మూడు కాలాలకు ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. వర్తమానం పి.సి.శ్రీరామ్‌ది, రాయల కాలం వి.ఎస్.ఆర్.స్వామిది, భవిష్యత్తు కబీర్‌లాల్‌ది. వెలుగు మారగానే ఏ శతాబ్దంలో ఉన్నామో కంటికే తెలిసిపోతుంది.

'బాహుబలి' మరో పని చేసింది. ఫ్లాష్‌బ్యాక్ నడుస్తుండగానే 2015 జూలై 10న మొదటి భాగం ఆగింది. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నకు జవాబు 2017 ఏప్రిల్ 28న వచ్చింది. కథలోని నిరీక్షణను జనం తమ క్యాలెండర్ మీదే లెక్కపెట్టుకున్నారు.

వీటన్నిటికన్నా సాహసం మాత్రం 2018లో వెంకటేష్ మహా తీసిన 'కేరాఫ్ కంచరపాలెం'ది. విశాఖలోని ఆ పేటవాసులనే నటులుగా పెట్టుకుని తీసిన ఈ చిన్న సినిమాను రానా సమర్పణలో సురేష్ ప్రొడక్షన్స్ జనంలోకి తీసుకెళ్లింది. నాలుగు వయసులు, నాలుగు పేర్లు, నాలుగు ప్రేమలు. అన్నీ ఒకే సమయంలో జరుగుతున్నాయనుకుంటాం. ఏళ్లు చెప్పే కార్డు ఉండదు, కాళ్లు పెరగవు. చివరికి తెలుస్తుంది, ఆ నలుగురూ ఒక్కడేనని. అప్పటిదాకా పక్కపక్కనే కనిపించిన కథలు ఒక్కసారిగా ఒకదాని వెనక ఒకటి వరుసకట్టి మనిషి ఆయుష్షుగా మారిపోతాయి.

ఇక 'మనం'. మూగమనసులు వచ్చిన సరిగ్గా యాభై ఏళ్లకు, మళ్లీ పునర్జన్మ కథ, మళ్లీ నాగేశ్వరరావు. విక్రమ్ కుమార్ ఈసారి ఆయనకు గౌరి స్థానం ఇచ్చారు. పోయినవాళ్లు తిరిగొస్తారు, ఆయన మాత్రం పుట్టిన జన్మలోనే ముసలివాడై వాళ్లను గుర్తుపడతాడు. ఒక గడియారస్తంభం చుట్టూ జన్మలు ముడిపడతాయి. తెర మీద నాగార్జున తన కొడుకు నాగచైతన్యను తండ్రిగా చూసుకుంటాడు. నాగేశ్వరరావు తన కొడుకు నాగార్జునలో తండ్రిని చూసుకుంటాడు. ఈ ముగ్గురి వరుసలూ ఇంటింటా తెలిసినవి కాబట్టే ఆ తలకిందులు అంతగా కదిలిస్తుంది. జమునకు మేకప్ తెచ్చిన వార్ధక్యాన్ని ఈయనకు ఏళ్లే తెచ్చాయి.

షూటింగ్ నాటికే ఆయనది తొంభైకి చేరువైన వయసు. 2013 అక్టోబరులో తనకు క్యాన్సర్ అని ఆయనే పత్రికల వాళ్లకు చెప్పారు. తన పాత్రకు డబ్బింగ్ ఇంట్లోనే చెప్పారు. 2014 జనవరి 22న కన్నుమూశారు. ఆ గొంతుతోనే మే 23న 'మనం' విడుదలైంది.