కార్బైన్: గొట్టం పొడవు, తూటా వేగం

రైఫిల్ కన్నా పొట్టి గొట్టం ఉన్న తుపాకి కార్బైన్. 1922 ఆగస్టు 22 నుంచి 24 వరకు అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి పట్టుకెళ్లిన 26 తుపాకులను పలు రచనలు కార్బైన్లుగానే పేర్కొన్నాయి. మన్యం అడవుల్లో మోయడానికి అనువైన ఆయుధమది.

ఆ సౌలభ్యానికి మూల్యం వేగం. మందు కాలి పుట్టిన వాయువు ప్రధానంగా గొట్టంలో ఉన్నంతసేపే తూటాను తోస్తుంది. ఏకే-74 రైఫిల్ గొట్టం 415 మిల్లీమీటర్లు, వేగం సెకనుకు 900 మీటర్లు. అదే తూటాను పేల్చే దాని పొట్టి రూపం ఏకేఎస్-74యూ గొట్టం సుమారు 206 మిల్లీమీటర్లు, వేగం 735 మీటర్లు. పొడవు సగమైనా వేగం సగం కాలేదు. పీడనం మొదట్లోనే శిఖరానికి చేరుతుంది, తూటా వేగంలో ఎక్కువ భాగం అక్కడే పుంజుకుంటుంది. ఆపై మిగిలిన శక్తి మూతి దగ్గర మంటగా, పెద్ద చప్పుడుగా పోతుంది.

లోపలి మెలికల గాడులు, అంటే రైఫ్లింగ్, తూటాను బొంగరంలా తిప్పి నిలకడనిస్తాయి. రాపిడికి పోయే వేగం స్వల్పమే. వేగం తగ్గిన తూటాకు తగినంత భ్రమణం అందాలని ఏకేఎస్-74యూలో గాడులు 200కు బదులు 160 మిల్లీమీటర్లకే ఒక చుట్టు తిరుగుతాయి.