భారతోత్సవం నుంచి బుల్లితెర వరకు: పుత్తూరు ప్రాంత ప్రేక్షకత్వ పరిణామం

ఒకే కథ వేర్వేరు మాధ్యమాల్లో ప్రదర్శితమైనప్పుడు ప్రేక్షకుని స్థానం ఎట్లా మారుతుందో పరిశీలించడానికి దక్షిణ రాయలసీమలోని పుత్తూరు ప్రాంతం అనువైన క్షేత్రం. రేణిగుంట–అరక్కోణం రైలుమార్గంలో ఉన్న ఈ పట్టణం 2022 వరకు చిత్తూరు జిల్లాలోను, ఆ తరువాత తిరుపతి జిల్లాలోను భాగం. సెంజి ప్రాంతం కేంద్రంగా వికసించిన ద్రౌపదీ ఆరాధన తమిళసీమతోపాటు ఇక్కడా వేళ్లూనింది. పుత్తూరులోని ద్రౌపదీ ధర్మరాజుల ఆలయం, అక్కడి అగ్నిగుండ ప్రవేశం ఆ సంప్రదాయానికి నిదర్శనాలు.

ఈ ప్రాంతపు భారతోత్సవాల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం జంటగా సాగుతాయి. కథకుడు వివరించిన ఘట్టాన్నే కళాకారులు రాత్రి ఆడి చూపుతారు. అర్జునుని తపస్సు రోజున వేషధారి మాను ఎక్కి విసిరే నిమ్మపండ్లను, విభూతిని సంతానం కోరే స్త్రీలు ప్రసాదంగా అందుకుంటారు. దుర్యోధన వధకు నేలపై భారీ మట్టిబొమ్మను మలుస్తారు. చివర మొక్కుకున్నవారు నిప్పులపై నడుస్తారు. ఇక్కడ చూడడం, మొక్కు తీర్చుకోవడం వేర్వేరు పనులు కావు.

యంత్రమాధ్యమాలు ఈ బంధంలో మొదటి ఎడం కల్పించాయి. చిత్తూరు రామవిలాస సభ నాటకాల్లో పేరు పొందిన నాగయ్య కంఠం గ్రామఫోను రికార్డులకెక్కింది. 1938లో ‘గృహలక్ష్మి’తో ఆయన వెండితెరకు చేరాడు. అదే ఏడాది జూన్ 16న మద్రాసు రేడియో కేంద్రం ప్రారంభమైంది. నటుడు రాకుండానే అతని గొంతు ఊరికి చేరింది. అయితే రంగస్థల నటుణ్ణి ‘వన్స్‌మోర్’ అని నిలిపి పద్యం మళ్లీ పాడించుకొన్న ప్రేక్షకుడు తెర ముందు ఆ అధికారాన్ని కోల్పోయాడు.

దూరదర్శన్ మద్రాసులో 1975లో, హైదరాబాదులో 1977లో ప్రారంభమైంది. 1988 అక్టోబరు 2 నుంచి 1990 జూన్ 24 వరకు బి.ఆర్.చోప్రా ‘మహాభారత్’ ఆదివారం ఉదయాల్లో 94 భాగాలుగా ప్రసారమైంది. దాని భాష హిందీ. కథను తరతరాలుగా హరికథల్లో విన్న ప్రాంతానికి ఆ భాష పెద్ద అడ్డంకి కాదు. సంభాషణ అర్థం కాకున్నా సందర్భం ముందే తెలుసు. కొత్త మాధ్యమానికి పాత మాధ్యమమే వ్యాఖ్యానంగా నిలిచిందన్నమాట.

టీవీలు అరుదైన ఆ కాలంలో ఇరుగుపొరుగులు ఒక ఇంట చేరి చూసేవారు. వీధిలో చోటు ఉత్సవంలో పాలుగా దక్కేది. టీవీ ముందు చోటు ఇంటి యజమాని మర్యాదపై ఆధారపడింది. వీధి కులభేదాలకు అతీతమని దీని అర్థం కాదు. అయితే గడప దాటి లోపలికి రావలసిన చోట ఆ భేదాల బలం మరింత పెరగగలదు.

1995లో ఈటీవీ, జెమిని వంటి తెలుగు ఛానళ్లు వచ్చాక, టీవీలు ఇంటింటికీ చేరాక, ఈ గుంపు కుటుంబానికి కుదించుకుపోయింది. 2016 తరువాత చౌకైన 4జీ డేటాతో సెల్‌ఫోను ఆ కుటుంబాన్ని కూడా విడదీసింది. ఒకే గదిలో ఎవరి తెర వారిదైంది. మరోవైపు అదే ఫోను దూరాన ఉన్నవారికి స్వగ్రామపు ఉత్సవదృశ్యాన్ని చూపగలుగుతోంది.

ఈ పరిణామాన్ని కేవలం క్షీణతగా చెప్పడం సమంజసం కాదు. తెర కథను మోసుకుపోగలదు గాని నిమ్మపండును, విభూతిని, నిప్పుల వేడిని మోసుకుపోలేదు. మొక్కుతో ముడిపడిన ఘట్టాల బలం అక్కడే ఉంది. అసలు ప్రమాదం పగటి హరికథకు. శ్రోతల ముఖాలు చూసి కథను సాగదీసే, కుదించే, పిట్టకథతో ధర్మసందేహాన్ని విప్పే కథకునికి తెరపై ప్రత్యామ్నాయం లేదు. కనుక పరిశోధకులు ప్రదర్శన పాఠంతోపాటు శ్రోతల స్పందననూ నమోదు చేయాలి. పాఠం ఒక్కటే మిగిలితే, ఆ కథను ఒక ఊరు ఎట్లా అర్థం చేసుకొన్నదో తెలిపే ఆధారం మిగలదు.