సీసాలో చీటీ

నెల మొదటి శుక్రవారం రాత్రి గుదైబియాలోని మా గదిలో చీటీ తీస్తాం. పదిమందిమి, తలా యాభై దినార్లు వేస్తాం. పేర్లు రాసిన కాగితాలు మడిచి, ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి, కుదిపి ఒకటి తీస్తాం. ఎవరి పేరు వస్తే ఆ నెల అయిదు వందల దినార్లూ వాళ్ళవి. ఒకసారి వచ్చిన పేరు మళ్ళీ సీసాలో పడదు కాబట్టి పది నెలల్లో అందరికీ వస్తుంది. ఎవరికీ పోయేదేమీ లేదు. అయినా సీసాలో చెయ్యి పెట్టేసరికి గదిలో మాటలు ఆగిపోతాయి.

పోయిన నెల నాకు గుండె మరీ గట్టిగా కొట్టుకుంది. అమ్మాయి ఇంజనీరింగ్ ఫీజు గడువు దగ్గరపడింది. వచ్చిన పేరు నాది కాదు. పై మంచం మీద పడుకుని ఫోన్లో తుపాకుల ఆట ఆడుతున్న జగిత్యాల కుర్రాడిది. "నీకే వచ్చిందిరా" అంటే తలైనా ఎత్తలేదు. "ఒక్క నిమిషం అన్నా, ఇద్దరమే మిగిలినం" అన్నాడు.

అయిదు వందల దినార్ల కన్నా ఆ ఒక్క నిమిషం ఎలా ఎక్కువైంది? అప్పటినుంచీ ఈ రెండు ఉత్కంఠల చరిత్రా తిరగేస్తున్నాను.

చీటీ తీయడం మనవైపు పాత పద్ధతే. కంచి దగ్గర ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుడి కాలపు శాసనాలున్నాయి, సుమారు క్రీ.శ. 920 నాటివి. ఊరి సభకు మనుషుల్ని ఎలా ఎన్నుకోవాలో అందులో చెక్కించారు. పేర్లు తాటాకుల మీద రాసి కుండలో వేసి, అందరి ముందూ ఒక చిన్నపిల్లాడి చేత తీయించేవారు. పిల్లాడికైతే ఎవరి మీదా ప్రేమ, పగ ఉండవు కదా! అయితే కుండలో పేరు పడాలంటేనే సొంత భూమి ఉండాలి, వయసు 35కు తగ్గకూడదు, 70 దాటకూడదు, లెక్క చెప్పని పాత సభ్యుడు పనికిరాడు. అర్హత మనుషులు చూసుకున్నారు, పక్షపాతం రాకుండా కుండ చూసుకుంది.

తరవాత అదే చీటీ చేత ప్రభుత్వాలు వేరే పని చేయించాయి. కేరళ 1967లో లాటరీ శాఖ పెట్టింది. 1968 జనవరి 26న మొదటి డ్రా తీశారు. టికెట్ రూపాయి, మొదటి బహుమతి 50,000. మా కుండలో పది పేర్లుంటే పదీ వస్తాయి. ఆ కుండలో లక్షల పేర్లుంటే వచ్చేవి కొన్నే. 2019లో అబూదాబీ బిగ్ టికెట్‌లో మన తెలంగాణ రైతు ఒకాయనకు కోటిన్నర దిర్హాములు తగిలాయి. ఆ కథ గల్ఫ్‌లో తెలుగువాళ్ళున్న ప్రతి గదిలోనూ చెప్పుకున్నారు. ఆ నెల రానివాళ్ళ కథలు ఎవరూ చెప్పుకోలేదు.

ఇక వీడియో ఆటల పోటీ. 1972 అక్టోబరు 19న అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు 'స్పేస్‌వార్' అనే ఆటలో పోటీపడ్డారు. బహుమతి ఒక పత్రికకు ఏడాది చందా! అంత చిన్న బహుమతికి అంత పోటీ ఎందుకంటే, గెలుపు వాళ్ళ చేతిది. ఓటమీ వాళ్ళదే. ఓడినవాడు రేపు ఇంకాస్త బాగా ఆడగలడు. లాటరీలో ఓడినవాడు రేపు ఇంకో టికెట్ కొనగలడు, అంతే.

చేతిదా, అదృష్టానిదా అన్న ఈ తగువు మన సికిందరాబాదు నుంచే సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బులో రమ్మీ ఆడినవారి మీద కేసు అది. 1967 నవంబరులో తీర్పొచ్చింది. మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టం, రమ్మీ మాత్రం నేర్పుతో ఆడేదని కోర్టు చెప్పింది. ఆ మాట అడ్డం పెట్టుకునే రమ్మీ ఫోన్లలోకి వచ్చింది. ఇళ్ళు గుల్లయ్యాక తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని ఆపాలని చట్టాలు మార్చాయి. 2025 ఆగస్టులో కేంద్రం ఇంకో అడుగు వేసింది. డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ ఆట నేర్పుదైనా అదృష్టానిదైనా నిషేధమే అంది, ఈ-స్పోర్ట్స్‌ను మాత్రం ఆటగా గుర్తించింది. దాదాపు అరవై ఏళ్ళు "నేర్పా, అదృష్టమా" అని అడిగాం. ఇప్పుడు "పోయిన డబ్బు ఎవరిది" అని అడుగుతున్నాం. ఈ ప్రశ్నే ముందు అడగాల్సిందేమో.

ఎందుకంటే ఆ రెండూ ఇప్పుడు విడివిడిగా లేవు. మా కుర్రాడు ఆడే ఆటలోనే డబ్బిచ్చి తెరిచే పెట్టెలున్నాయి. లోపల ఏ తుపాకీ రంగు వస్తుందో ఎవరికీ తెలియదు. ఆట నేర్పుది, పెట్టె లాటరీది. కిందటేడు ఒక నెల వాడు ఇంటికి పంపాల్సిన డబ్బులో సగం ఆ పెట్టెల్లో పోసి, మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆ శుక్రవారం వాడు ఆట ముగించి కిందికి దిగాడు. నా మొహం చూశాడు. ఫీజు సంగతి ఎవరో చెప్పినట్టున్నారు.

"ఈ నెల నువ్వు తీస్కో అన్నా. నీ పేరొచ్చిన్నాడు నేను తీస్కుంట."

"నీకొచ్చిన డబ్బురా" అన్నాను.

"ఇది నేను గెలిసింది కాదు గద!"

మర్నాడే ఫీజు కట్టేశాను. ఆ రాత్రి మాత్రం వాడికి నిద్ర పట్టలేదు. అయిదు వందల దినార్లు నవ్వుతూ ఇచ్చేసినవాడు, ఆటలో రెండో స్థానం వచ్చినందుకు అర్ధరాత్రిదాకా పై మంచం మీద గొణుగుతూనే ఉన్నాడు.