పులికాట్ పటంలో లేని పేర్లు



1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్ పట్టణంలో చిత్తడి నేలల రక్షణకు అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అదే ఏడాది అక్టోబర్ 9న శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ ఎగిరింది. పులికాట్ సరస్సు కథలో ఈ రెండు తేదీలూ గుర్తుంచుకోవాలి.

మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. దానికీ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న దీవే శ్రీహరికోట. అక్కడి అడవిలో దుంపలు, తేనె, మూలికలు సేకరిస్తూ, నీటి అంచున చేపలు పట్టుకుంటూ యానాదులు తరతరాలుగా బతికారు. 1909లో వచ్చిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథంలోనూ వారి ప్రస్తావన ఉంది. రాకెట్ కేంద్రం వచ్చాక చాలా కుటుంబాలు దీవి విడిచి వెళ్లాల్సి వచ్చింది.

2003లో అదే దీవి నుంచి రిసోర్స్‌శాట్-1 ఉపగ్రహం వెళ్లింది. 2006-07లో అది తీసిన చిత్రాలతో దేశమంతటి చిత్తడి నేలల పటాలు తయారయ్యాయి. యానాదులు వదిలిన నేల నుంచే వారి సరస్సును చూసే కన్ను పైకి వెళ్లిందన్నమాట.

నేడు ఆ కన్ను విద్యార్థుల చేతిలోనూ ఉంది. ఇస్రో వారి భువన్‌ తెరిచి పులికాట్‌ను చూడండి. సూళ్లూరుపేట నుంచి దీవికి సరస్సును చీల్చుకుంటూ వెళ్లే రోడ్డు కనిపిస్తుంది. వానాకాలం చిత్రాన్నీ వేసవి చిత్రాన్నీ పక్కపక్కన పెడితే నీరు ఎంత వెనక్కి పోతుందో తెలుస్తుంది. రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడితే సముద్రపు నీరు, దానితో చేపలు ఎందుకు తగ్గుతాయో అర్థమవుతుంది.

2015లో ఐక్యరాజ్యసమితి ప్రకటించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాలను ఈ పటం పక్కన పెట్టి చదవండి. చిత్తడి నేలలను 2020 నాటికి కాపాడి పునరుద్ధరించాలని 6.6 చెప్పింది. ఆ గడువు దాటిపోయింది. చిన్న మత్స్యకారులకు సముద్ర వనరులు, మార్కెట్లు అందాలని 14-బి చెబుతోంది. మన వాళ్ల హక్కు అడగడానికి పనికొచ్చే మాట అది.

ఐతే ఉపగ్రహానికి నీరు కనిపిస్తుంది, పేర్లు కనిపించవు. ఏ మడుగును ఏమని పిలిచేవారో, ఏ నెలలో ఏ చేప వచ్చేదో పెద్దలకే తెలుసు. వారి పక్కన కూర్చుని అడగండి, పటం మీద రాయండి. మూలికల చోటు లాంటివి బయట పెట్టొద్దని వారంటే రాయకండి. పటం గీసే చేతులు మనవైతే, ఏది చూపాలో తేల్చుకునే హక్కూ మనదే.