వీసం నుంచి కౌంటు దాకా

నెల్లూరు జిల్లా ముత్తుకూరు వైపు వరి కోతలప్పుడు వడ్లు ఏం ధర పలుకుతున్నాయని అడిగి చూడండి. "పుట్టి ఇంత" అనే జవాబే ఎక్కువగా వస్తుంది. ఇక్కడి వాడుకలో పుట్టి అంటే 850 కిలోలు. బళ్ళో గ్రాము, కిలో, క్వింటాలు అప్పజెప్పి ఇంటికొచ్చిన నాలుగో తరగతి పిల్లవాడికి నట్టింట్లో వినబడేది ఈ పుట్టే. మెట్రిక్ తూకాలు వచ్చి అరవై ఏళ్ళు దాటినా నెల్లూరు సీమ దాన్ని వదల్లేదు, కిలోలకు సరిపెట్టి ఉంచేసుకుంది.

ఆ పుట్టి కింద ఒకప్పుడు పెద్ద సంసారమే ఉండేది. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. కళ్ళంలో కొలిచేవాడు "ఒకటి" అనేవాడు కాదు. "లాభం" అని మొదలుపెట్టి, "రెండు, మూడు" అని రాగం తీసేవాడు. గడ్డివాము పక్కన నిలబడ్డ పిల్లకు ఎక్కాల కంటే ముందు అందిన పాఠం అది. పైన చెప్పిన వరసలో పుట్టిని పక్కన పెడితే అన్నీ రెట్టింపులూ, నాలుగింతలే. భిన్నాలదీ అదే దారి: పావు, పావులో పావు వీసం, వీసంలో పావు కాణీ. అంటే నాలుగో వంతు, పదహారో వంతు, అరవై నాలుగో వంతు. వాటిని రాయడానికి తెలుగులో వేరే గుర్తులుండేవి. పావులకు నిలువు గీతలు, వీసాలకు అడ్డగీతలు. 2008లో యూనికోడ్ వాటికి చోటిచ్చింది, తూము గుర్తుకు కూడా ఇచ్చింది. గీతలు కంప్యూటర్‌లోకి చేరేసరికి వాటిని చదవగల పిల్లలు లేరు.

పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితసారసంగ్రహాన్ని ఏనాడో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు గానీ, అది పండితుల సంగతి. చిన్నపిల్లల లెక్క నడిచింది వీధి అరుగు మీద. ఆ అరుగును మనకు బాగా చూపించినవాడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్. తెలుగు వ్యాకరణం రాసినవాడు కాబట్టి చూసింది అర్థమైన మనిషి. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాల్లో బడులెన్ని, పిల్లలెందరని కలెక్టర్లందరినీ అడిగాడు. నెల్లూరు నుంచీ జవాబు వెళ్ళింది. మొత్తం మద్రాసు ప్రెసిడెన్సీలో 12,498 బడులున్నాయని 1826లో మన్రో తేల్చాడు. అంకెలతో సరిపెట్టకుండా లోపలేం జరుగుతుందో రాసినవాడు క్యాంబెల్.

ఉదయం ఆరింటికే బడి. అందరికంటే ముందొచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడికి సున్న, మెప్పూ లేదు తప్పూ లేదని. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చిన ప్రతివాడికీ ఒక్కోటి ఎక్కువ. సున్న అంటే ఏమిటో ఇంత సూటిగా చెప్పిన పాఠ్యపుస్తకం నేను చూడలేదు. కూడికలు కూడా అరచేతిలోనే, మండుతూ! అక్షరమైనా అంకైనా మొదట ఇసుకలో వేలితో దిద్దడం, పైవాళ్ళు కిందివాళ్ళకు చెప్పడం. ఈ ఇసుక రాతను చూసే ఆండ్రూ బెల్ అనే పాదిరీ 1789 తర్వాత మద్రాసు ఎగ్మూరు అనాథ బాలుర బడిలో పిల్లలచేత పిల్లలకు చెప్పించాడు. 1797లో పుస్తకం వేశాడు. ఇంగ్లండులో ఈ బోధనకు మద్రాసు పద్ధతి అని పేరొచ్చింది.

అరుగు బడిని అద్దాల మేడగా చూపేవాళ్ళు క్యాంబెల్ లెక్కలోని మరో వరుస కూడా చదవాలి. ఆయన జిల్లాలోని 533 బడుల్లో 6,641 మంది పిల్లలుంటే, అందులో ఆడపిల్లలు 60 మంది.

అచ్చు పుస్తకాలూ, సర్కారు బడులూ వచ్చాక కూడా వీసం, కాణీ పోలేదు. కారణం రూపాయి. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కాణీలు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో నడుమ కన్నంతో వచ్చిన చిల్లికాణీ సరిగ్గా రూపాయిలో అరవై నాలుగో వంతు. పదహారో ఎక్కం రానివాడికి అంగట్లో చిల్లర రాదు. పిల్లలు బెత్తానికి భయపడి వల్లెవేశారన్నది సగం నిజం. ఉప్పుకు పంపితే మోసపోకూడదన్నది తక్కిన సగం.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు దిగాయి. ఒక అణాకు ఆరు నయాపైసలు, రెండణాలకు పన్నెండు, మూడణాలకు పద్దెనిమిది కాదు, పంతొమ్మిది. ఈ మెలికకు కొన్నాళ్ళు అందరూ పట్టికలు చూసుకున్నారు. వెనకే కిలోలు, లీటర్లు. పది పది అని పోయే లెక్క తేలిక, కాదనను. అయితే పావు, వీసం పసిపిల్లల నోటి నుంచి జారిపోయి, పెద్ద తరగతుల్లో "భిన్నాలు" అనే భయంగా తిరిగొచ్చాయి. సామెతల్లో మాత్రం వీసమెత్తు, చిల్లికాణీ నిలిచాయి.

ఆ తర్వాతి కథ పథకాల కథ, ఒకదాని మీద ఒకటి. వాటిలో నెల్లూరు జిల్లాకు సంబంధించింది ఒకటి చెబుతాను. 2005లో ఆంధ్రప్రదేశ్‌లో ఐదు జిల్లాల పల్లె బడుల్లో ఒక పరిశీలన మొదలైంది. నెల్లూరు అందులో ఒకటి. కొన్ని బళ్ళలో పిల్లల లెక్కలు, భాష మెరుగుపడితే పంతుళ్ళకు అదనంగా సొమ్మిచ్చారు. రెండేళ్ళకు రెండూ పెరిగాయి, లెక్కలు మరింత పెరిగాయి. మూడోవాడి దెబ్బ నుంచి ఇక్కడిదాకా వచ్చాం: అప్పుడు పిల్లవాడికి శిక్ష, ఇప్పుడు పంతులుకు బహుమానం.

2025లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మే పిల్లల మీద ఒక అధ్యయనం ప్రచురించారు. బేరంలో నోటిలెక్క తడుముకోకుండా చేసే పిల్లలు, అదే లెక్కను బడి పద్ధతిలో ఇస్తే తడబడ్డారు. బడి పిల్లలది తిరగబడ్డ కథ. ఇది చదివినప్పుడు నాకు ముత్తుకూరు రొయ్యల గుంటలు గుర్తొచ్చాయి.

గుంటలో విసురువల వేసి, పడినవాటిని తూచి, ఎన్నో లెక్కపెడతారు. రెండు కిలోలకు నూరు తూగితే 50 కౌంటు. కౌంటు పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, ధర తక్కువ. విలోమానుపాతమని ఎనిమిదో తరగతిలో చెప్పే పాఠం ఇదే. ఒకసారి గట్టు మీద వాళ్ళ నాన్న పక్కన కూర్చున్న పిల్లవాణ్ణి అడిగాను, యాభై కౌంటు రొయ్య ఒక్కోటి ఎంత తూగుద్దిరా అని. "ఇరవై గ్రాములు" అన్నాడు, వల వైపు చూస్తూనే. జేబులోంచి కాగితం తీసి 1000ని 50తో భాగించమని రాసిచ్చాను. కాసేపు చూసి తిరిగిచ్చేశాడు.

"ఈ లెక్క మాకింకా చెప్పలేదు సార్."